భిన్నాల పాఠం తర్వాతి రెండు నిమిషాలు

2021, వానకాలం మొదట్లో సంగతి. జడ్చర్ల బస్టాండు వెనక గల్లీలో ఒక పక్క జిరాక్సు సెంటరు, ఇంకో పక్క టైలరు షాపు, మధ్యలో నా దుకాణం. ఇద్దరు కస్టమర్లు వస్తే మూడోవాళ్లు గల్లీలో నిలబడాల్సిందే. పాత కంప్యూటర్లు, లాప్‌టాప్‌లు బాగుచేస్తాను. అప్పటికి ఈ పనిలోకి వచ్చి పదకొండేళ్లు. మొదట్లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఆడమనిషిని చూసి "సార్ లేడా అమ్మా?" అని అడిగేవాళ్లు. "నేనే సారు, చెప్పు" అనేదాన్ని. ఇప్పుడు కవితక్క షాపు ఏదంటే బస్టాండులో బజ్జీలబండి ఆయన కూడా చెయ్యి చూపిస్తాడు.

ఆ రోజుల్లో ఊపిరి తీసుకోవడానికి సందు లేనంత పని ఉండేది. బడులు మూతపడి పాఠాలన్నీ ఫోన్లలోకి, లాప్‌టాప్‌లలోకి వచ్చేశాయి. కొత్తవి కొనలేనివాళ్లు ఎప్పుడో అటక మీద పారేసినవి దుమ్ము దులిపి తెచ్చేవాళ్లు. అవి ఆన్ అవడానికే పావుగంట పట్టేది. విండోస్ ఏటేటా బరువెక్కుతూ వచ్చింది, పాత యంత్రాలకు దాన్ని మోసే శక్తి లేదు. అలాంటివాటికి నేను లినక్స్ ఎక్కిస్తాను. అది కూడా విండోస్‌లాగే యంత్రాన్ని నడిపించే సాఫ్ట్‌వేరే, కాకపోతే ఉచితం. దాంట్లో బాగా తేలికైన రకాలు ఉన్నాయి. పదేళ్ల నాటి లాప్‌టాప్ అయినా లేచి కూర్చుంటుంది.

నాకు మొదటినుంచీ ఒక జబ్బు ఉంది. ఎదుటి మనిషికి ఏది మంచిదో నాకే బాగా తెలుసనుకుంటాను. ఒక దస్తావేజుల టైపిస్టు తన పాత లాప్‌టాప్ ఇచ్చి వెళ్తే, అతన్ని ఒక్క మాట అడక్కుండా లినక్స్ ఎక్కించేశాను. వచ్చి చూసుకుని గల్లీ అంతా వినబడేలా అరిచాడు. నేనూ తగ్గలేదు. "నెల రోజులు వాడిచూడు, నచ్చకపోతే తెచ్చి నా నెత్తిన కొట్టు" అని పంపించాను. నెల తర్వాత వచ్చి బాగుందక్కా అన్నాడు. దాంతో నా జబ్బు ఇంకా ముదిరింది.

మల్లయ్య వచ్చింది అట్లాంటి రోజుల్లోనే, ఒక ముసురు పట్టిన పొద్దున. అరవైకి దగ్గర ఉంటాడు. భుజాన గొంగడి, దాని కింద తువ్వాలలో చుట్టిన లాప్‌టాప్. చూడగానే గొర్ల కాపరి అని తెలుస్తూనే ఉంది. ఆయనది అచ్చంపేట దాటాక అడవి అంచున ఉన్న ఊరు. అక్కడి షాపువాళ్లు ఇది తుక్కుకు తప్ప దేనికీ పనికిరాదన్నారట. ఎవరో నా పేరు చెప్తే రెండు బస్సులు మారి వచ్చాడు.

"ఏమైంది పెద్దయ్యా దీనికి?" అన్నాను.

"చాలూ అయితలేదు బిడ్డా. నా బిడ్డది. జర చూడు."

వెనక స్క్రూలు తీసి, కీబోర్డు పైకి లేపాను. కింద అంతా జిగటగా, గోధుమరంగులో ఎండిపోయిన మరకలు. పాలచాయ్ పడితే అట్లాగే అవుతుంది, చక్కెర ఎండి సర్క్యూట్ల మీద పొరలా కట్టుకుంటుంది. కీల సందుల్లో నాలుగైదు అన్నం మెతుకులు, పసుపు అంటి ఎండిపోయి ఉన్నాయి. నాకు చిర్రెత్తింది. కస్టమర్లను కసరడం నాకు కొత్త కాదు.

"దీని ముందర కూసొని బువ్వ తింటరా ఎవలన్న? చాయ్ సుత దీని మీదనే పోసిండ్రు. మీ బిడ్డకు చెప్పు, ఇది కంచం కాదని."

ఆయన కోప్పడలేదు. తువ్వాల మడతపెట్టుకుంటూ మెల్లగా అన్నాడు.

"తినుకుంట కాదు బిడ్డా. పిట్టకు పెట్టినం."

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. మా దిక్కున మనిషి పోయిన మూడోనాడు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముడితే పోయిన జీవికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

స్టూలు జరిపి కూర్చోమన్నాను. గల్లీలో వాన పడుతూనే ఉంది. ఆయన అడక్కుండానే చెప్పుకొచ్చాడు. బిడ్డ పేరు సుజాత. ఇరవై ఆరేళ్లు. బీఎడ్ చదివి అచ్చంపేటలో ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్పేది. బడి మూతపడ్డాక ఇంట్లోనే ఈ లాప్‌టాప్ ముందు కూర్చుని పాఠాలు రికార్డు చేసి పిల్లలకు పంపేది.

"దీని నెత్తి మీద బొట్టంత లైటు ఉంటది చూడు. గది వెలిగితే ఇంట్ల ఎవ్వలు చప్పుడు చెయ్యొద్దనేది. నేను గొర్లను సుత ఎనుక దిక్కు నుంచి కొట్టుకపోయేటోణ్ణి. ఒక్కపారి మరిచిపోయి దగ్గిన. బాపూ, నీ దగ్గు నాలుగో తరగతి మొత్తం ఇన్నది అని ఒకటే నవ్వుడు."

చెప్తూ ఆయన కూడా కొంచెం నవ్వాడు. తర్వాత ఆ నవ్వును ఏం చేసుకోవాలో తెలియనట్టు తలవంచుకున్నాడు.

ఎండాకాలంలో సుజాతకు జ్వరం పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోయారు. అక్కడినుంచి పెద్ద దవాఖానకు. నాలుగోరోజు పోయింది. చావుకు ఊరివాళ్లెవరూ రాలేదు, భయం. మూడోనాడు ఇంటివాళ్లు నలుగురే వెళ్లి విస్తరి పెట్టారు. పెరుగన్నం, పసుపన్నం, మామిడికాయ తొక్కు, చాయ్. పొద్దు నడినెత్తికి వచ్చినా కాకి దగ్గరికి రాలేదు. చెట్టు మీద కూర్చుని చూస్తోంది తప్ప దిగలేదు. ఆమె దువ్వెన పెట్టారు. ఫోను పెట్టారు. చివరికి భార్య ఇంటికి ఉరికి ఈ లాప్‌టాప్ తెచ్చి, తెరిచి విస్తరి పక్కన పెట్టింది.

"పెట్టి గిట్ల ఎనుకకు జరిగినమో లేదో, పిట్ట దిగింది బిడ్డా. సీదా దీని మీదనే వాలింది. దాని రెక్క తాకి విస్తరిల మెతుకులు ఎగిరి పడ్డయ్, చాయ్ గిలాస దీంట్లనే ఒలికింది. విస్తరి ముట్టలే. దీన్నే ముట్టింది."

"అయితే?" అన్నాను.

"అయితే దాని పాణం దీంట్లనే ఉన్నట్టు గద. ఏదో మిగిలిపోయింది. ఏమున్నదో చూసి చెప్పు. నాకు సదువు రాదు. ఉన్నది ఉన్నట్టు తీసియ్యి బిడ్డా, గంతే."

కాకులు, శకునాలు నేను నమ్మను. కానీ ఆ మనిషి కళ్లు చూశాక వాదించాలనిపించలేదు.

"ఉన్నది ఉన్నట్టు తీసిస్త పెద్దయ్యా. వారం దినాలు ఆగి రా" అని మాటిచ్చాను.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆయన వెళ్లాక మదర్‌బోర్డు బయటికి తీశాను. యంత్రానికి గుండెకాయ లాంటి పెద్ద సర్క్యూట్ పలక అది. స్పిరిట్‌లాంటి ద్రవంలో మెత్తటి బ్రష్ ముంచి చాయ్ మరకలన్నీ కడిగాను. మెతుకులు పారెయ్యబుద్ధి కాలేదు, ఒక కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. ఎందుకో నాకే తెలియదు. రెండు రోజులు ఆరనిచ్చి చార్జర్ పెడితే లైటు వెలిగింది. కీబోర్డు మాత్రం పూర్తిగా పోయింది. బయటినుంచి వేరే కీబోర్డు తగిలించాను. విండోస్ మొదలై, సగంలో నీలంరంగు తెర వేసి ఆగిపోయింది. పదిసార్లు చేసినా అంతే.

హార్డ్ డిస్కుకు చెవి పెట్టి విన్నాను. ఫైళ్లన్నీ దాచుకునే పెట్టె అది, లోపల పళ్లెం తిరుగుతూ ఉంటుంది. మంచి డిస్కు సన్నగా హోరుమంటుంది. ఇది మధ్యమధ్యలో టిక్కు టిక్కుమంటోంది. ఎక్కువకాలం బతకదని అర్థమైంది. అట్లాంటప్పుడు మళ్లీ మళ్లీ విండోస్ ఆన్ చేస్తే డిస్కును మన చేతులతో చంపుకున్నట్టే.

అక్కడే లినక్స్ అక్కరకొస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, లాప్‌టాప్‌లోని డిస్కును ముట్టకుండా ఆ పెన్‌డ్రైవ్ నుంచే యంత్రాన్ని నడపొచ్చు. లైవ్ అంటారు దాన్ని. డిస్కు మీద ఒక్క అక్షరం రాయకుండా, ఉన్నది చదువుకుని బయటికి తెచ్చుకోవచ్చు. చదవలేని చోట్లను దాటేసి, మంచి భాగాలు ముందు తీసుకుని, మొండి భాగాల కోసం మళ్లీ వెనక్కి వెళ్లే ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని నడిపించి నా కంప్యూటర్‌లోకి నకలు తీయడం మొదలుపెట్టాను. ఒకటిన్నర రోజు పట్టింది. మధ్యలో ఎన్నిసార్లు వెళ్లి చూశానో. నకలు దాదాపు పూర్తయ్యాక డిస్కు గట్టిగా నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు. అంటే సుజాత ఈ లాప్‌టాప్‌లో దాచుకున్నవి ఇక నా కంప్యూటర్‌లో మాత్రమే ఉన్నాయి.

లోపల పెద్దగా ఏమీ లేవు. ఉత్తరాలు, డైరీలు ఏవీ లేవు. హాజరు పట్టికలు, ప్రశ్నపత్రాలు, వీడియో పాఠాలున్న ఒక ఫోల్డరు. కస్టమరును మా పనిలో పార్టీ అంటాం. పార్టీ ఫైళ్లను విప్పి చూడొద్దని నాకు పని నేర్పిన ఉస్తాద్ ఎప్పుడూ అనేవాడు. ఆయన కూడా ఆ ఎండాకాలంలోనే పోయాడు. కానీ నకలు సరిగా వచ్చిందో లేదో తెలియాలంటే ఒక్కటైనా తెరవాలి. సాధారణంగా నేను అన్నిటికంటే చివర చేసిన ఫైలే తెరుస్తాను.

చివరిది భిన్నాల పాఠం. గోడకు ఆనించిన నల్లబల్ల, దాని ముందు సన్నటి అమ్మాయి, ఎడమచేతికి గడియారం. చేతిలో జొన్నరొట్టె. దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒకటి పైకెత్తి, "ఇది నాలుగింట ఒకటి. మీ తమ్మునికి ఇచ్చిండ్రనుకో, మీకు ఎంత మిగిలింది?" అని అడుగుతోంది. మధ్యలో దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని, "ఆగుండ్రి పిల్లలూ" అని నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. ముఖం వాడిపోయి ఉంది. చివర్లో "మిగిలిన లెక్కలు మళ్లీ చేద్దాం" అని చెప్పి కుర్చీలో వెనక్కి వాలింది. రికార్డింగ్ ఆపడం మరిచిపోయింది.

ఆ తర్వాత రెండు నిమిషాలు ఉంది.

బయట వాకిట్లో సీసా కడుగుతున్న చప్పుడు. ఆమె తలుపు వైపు తిరిగింది.

"బాపూ, ఊపిరి ఆడ్తలేదే. దవాఖానకు పోదామా?"

మల్లయ్య మనిషి కనబడడు. గొంతు ఒక్కటే వినబడుతుంది.

"నట్టల మందు ఇయ్యాల ఒక్కదినమే తాపుతరట బిడ్డా. మంద మొత్తం ఆడికి తోలాలె. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పోదాం తియ్."

"సరే బాపూ. రేపే పోదాం. నువ్వు తిని పో."

తర్వాత గొర్లను అదిలించే కేక, దూరమైపోతున్న గిట్టల చప్పుడు. ఆమె చెయ్యి గడ్డానికి ఆనించుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. నోటితో గాలి పీలుస్తోంది, పీల్చినప్పుడల్లా సన్నగా ఈల చప్పుడు. చాలాసేపటికి కళ్లు తెరిచి, కెమెరా లైటు చూసి, చెయ్యి చాపింది. వీడియో ఆగిపోయింది.

నేను షట్టరు సగం దించుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చాను, మా ఉస్తాద్ కోసం కూడా ఏడ్చి ఉంటాను. గొర్లకు కడుపులో పురుగులు పోవడానికి ఈ నట్టల మందు తాగించే రోజు ఊరికి ఏడాదిలో ఎప్పుడో వస్తుంది. ఆ రోజు తప్పితే మందకు రోగం వస్తుంది, మంద పోతే ఇల్లు గడవదు. ఆ మనిషి తప్పు చేశాడని నేను అనలేను. కానీ ఆ "రేపు" అనే మాటను ఆయన తన చెవులతో మళ్లీ వింటే? ఇంటికి తీసుకుపోయి, రోజూ అదే పెట్టుకుని వింటే? ఆ మనిషి బతుకుతాడా?

ఆయనకు ఏది మంచిదో నాకు తెలుసనుకున్నాను.

వీడియోలు కత్తిరించే ప్రోగ్రాం తెరిచి, "మిగిలిన లెక్కలు మళ్లీ చేద్దాం" దగ్గర కోసేసి, అదే పేరుతో భద్రం చేశాను. పార్టీ సరుకు మన దగ్గర ఉంచుకోకూడదన్నది కూడా ఉస్తాద్ నేర్పిన నియమమే. దాన్ని మాత్రం ఆ రోజు అక్షరాలా పాటించాను. పాఠాలన్నీ వేరేగా తీసుకుని, మొత్తం నకలును తుడిచేశాను. ఆ జాగాలో మర్నాడే ఇంకెవరిదో కంప్యూటర్ నకలు పోసుకున్నాను. ఇక మా పనిలో ఎంత పెద్ద మొనగాడు వచ్చినా ఆ రెండు నిమిషాలను తీసుకురాలేడు.

లాప్‌టాప్‌లో వాడిన డిస్కే అయినా గట్టిది ఒకటి వేసి, తేలికైన లినక్స్ ఎక్కించాను. వేరే లాప్‌టాప్‌నుంచి తీసిన కీబోర్డు బిగించాను. ఆన్ చేయగానే తెర మీద ఒకే ఒక్క బొమ్మ కనబడేలా పెట్టాను, దాన్ని నొక్కితే పాఠాలు వరసగా వస్తాయి. చదువురాని మనిషి కూడా వాడుకోవచ్చు. పైమూత తుడిచి మెరిపించాను. పని చాలా బాగా కుదిరిందని నా భుజం నేనే తట్టుకున్నాను.

వారానికి మల్లయ్య వచ్చాడు. ఈసారి గొంగడి లేదు, తెల్లటి అంగీ వేసుకున్నాడు. దవాఖానలో ఎవరినైనా చూడ్డానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎట్లా నొక్కాలో చూపించాను. ఆయనే నొక్కాడు.

సుజాత తెర మీదకు వచ్చింది. ఆయన చెయ్యి తెర అంచు మీద పెట్టుకున్నాడు. ఒక పాఠం అయ్యాక ఇంకొకటి, నిలబడే చూశాడు. టైలరు మిషను చప్పుడు ఆపి ఇటు చూస్తున్నాడు. ఇద్దరు కస్టమర్లు వచ్చి, చూసి, మళ్లీ వస్తామని వెళ్లిపోయారు.

చివరికి భిన్నాల పాఠం వచ్చింది. అది మొదలవగానే ఆయన ఒక అడుగు ముందుకు జరిగాడు. జొన్నరొట్టె చూడగానే, "గదే, గదే దినం" అన్నాడు తనలో తనే. పాఠం అయిపోయింది. తెర నల్లబడింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"తర్వాతది రాలేదేంది బిడ్డా?"

"గంతనే ఉన్నది పెద్దయ్యా. అదే ఆఖరిది."

"కాదు. ఇంకా ఉంటది."

"లేదు."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం.

ఆయన స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నేలను చూస్తూ చెప్పాడు.

"గా దినం దవాఖానకు పోదామా బాపూ అన్నది. నేను వాకిట్ల మందు తాపే సీసా కడుగుతున్న. రేపు పోదామన్న. సరే అన్నది. నేను దాని మొఖం చూడలే బిడ్డా. లోపలికి తొంగి చూస్తే అది అటు దిక్కు తిరిగి కూసున్నది, లైటు వెలుగుతనే ఉండె. చప్పుడు చెయ్యొద్దని చెప్పేది గద, అందుకని అడుగు లోపల పెట్టలే. సీదా గొర్ల దిక్కు పోయిన. మల్ల తెల్లారేటాళ్లకు దానికి సోయి లేదు. సోయితోని నాతో మాట్లాడింది గదే ఆఖరు."

ఆయన తల ఎత్తి నల్లబడిన తెర వైపు చూశాడు.

"సరే అన్నప్పుడు మొఖం ఎట్ల పెట్టిందో, కోపమొచ్చిందో, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నదో, నాకు తెల్వదు. ఇంటిది నాతోని మాట్లాడ్తలేదు. మాట్లాడకున్నా మంచిదే. నాకు దాని మొఖం ఒక్కటి కనబడాలె. లైటు వెలిగింది గద, గందుకే దీంట్ల ఉంటదని తెచ్చిన. పిట్ట గూడ గందుకే దీని మీద వాలింది."

ఆయనకు అంతా ముందే తెలుసు. నేను ఆయన దగ్గర్నుంచి దాచాలనుకున్న మాటను ఆయన అప్పటికి వేలసార్లు తన లోపల విని ఉన్నాడు. ఆయనకు తెలియనిది ఆమె ముఖం ఒక్కటే. ఆ ముఖాన్ని చూసింది నేను.

ఇక దాచలేకపోయాను. కౌంటరు ఇవతలికి వచ్చి ఆయన ముందు కింద కూర్చున్నాను. ఉన్నదంతా చెప్పేశాను. రెండు నిమిషాలు ఉండేదని, నేను విన్నానని, ఆయన తట్టుకోలేడని నేనే కోసేశానని, ఇక రాదని.

తిడతాడనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ఆయన చాలాసేపు నా ముఖం వైపే చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఏదో వెతుకుతున్నాడు. నా కళ్లల్లో ఇంకా ఆ వీడియో ఉందేమో, అందులోంచి చూడొచ్చేమో అన్నట్టు.

"అయితే నువ్వు చూసినవ్."

"చూసిన."

"ఏమన్నది?"

మాట పొల్లుపోకుండా చెప్పాను. సరే బాపూ, రేపే పోదాం, నువ్వు తిని పో. నా గొంతులో ఆ మాటలు సుజాతవిగా లేవు. తూకాలు చదివి చెప్పే మనిషి గొంతులా ఉంది నాది.

"తిని పో అన్నదా?" అన్నాడు. "గది నాకు ఇనబడలే. సీసల నీళ్ల సప్పుడు."

"అన్నది పెద్దయ్యా."

"మొఖం?"

అప్పుడు గుర్తు చేసుకోవడానికి కళ్లు మూసుకున్నాను. ఆమె తలుపు వైపు తిరగడం గుర్తుంది. సీసా చప్పుడు గుర్తుంది. ఆ రోజు నేను తండ్రి గొంతునే పట్టుకున్నాను, "రేపు" అన్న మాటకే కూలబడ్డాను. కానీ ఆమె ముఖం కూడా ఉంది. తిని పో అంటున్నప్పుడు పెదవులు ఒక పక్కకు లాగి చిన్నగా నవ్వింది. ఇంట్లోవాళ్లు కంగారుపడకూడదని నవ్వే నవ్వు. ఉంది, కచ్చితంగా ఉంది. ఇన్నిరోజులు అది నాకు తట్టనేలేదు.

"నవ్వింది పెద్దయ్యా. నిజంగ. చిన్నగ నవ్వింది. కోపం లేదు."

మల్లయ్య లేచాడు. తువ్వాల విప్పి లాప్‌టాప్ చుట్టుకున్నాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు. వెళ్లేముందు ఒక చెయ్యి తీసి నా తల మీద పెట్టాడు.

"నువ్వు మంచిదానివి బిడ్డా" అన్నాడు. "మంచి మాటే చెప్తవ్."

అని మెట్లు దిగి, వానలోనే బస్టాండు దిక్కు నడిచిపోయాడు. ఆయన నమ్మలేదు. ఒకసారి మంచి కోసం అబద్ధం చెప్పిన మనిషిని రెండోసారి ఎట్లా నమ్ముతాడు? ఆ రోజు నా మీద ఆయనకు కోపం వచ్చి ఉంటే కొంచెం బాగుండేదేమో. జాలిపడి వెళ్లాడు.

ఆ కాగితంలో చుట్టి పెట్టిన మెతుకులు ఇవ్వడం మరిచిపోయాను. సొరుగులో చిన్న స్క్రూల పక్కన ఇప్పటికీ ఉన్నాయి.

ఇన్నేళ్లలో ఎన్నో లాప్‌టాప్‌లు బాగుచేశాను. ఇప్పుడు లినక్స్ ఎక్కించేముందు అడుగుతాను, వద్దంటే ఊరుకుంటాను. ఏ ఫైలు వచ్చినా, అందులో ఏమున్నా, ఉన్నది ఉన్నట్టు పార్టీ చేతిలో పెడతాను. ఎవరు ఏది తట్టుకోగలరో తేల్చడం నా పని కాదు. మనుషులు తమకు కావలసిందేదో తెలిసే నా మెట్లు ఎక్కుతారు, చాలాసార్లు నాకంటే ముందే తెలిసి ఎక్కుతారు. ఇది నేర్చుకోవడానికి మల్లయ్య లాంటి మనిషి నష్టపోవలసి వచ్చింది, అదే నాకు సిగ్గు.

అప్పుడప్పుడు పని మధ్యలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి కళ్లు మూసుకుంటాను. తలుపు వైపు తిరిగిన ముఖం, ఒక పక్కకు లాగిన పెదవులు. ఆమె నవ్వింది. నేను ఆయనకు చెప్పింది నిజమే. ఆయనను నమ్మించగలిగేవి ఆ రెండు నిమిషాలు మాత్రమే, వాటిని నా చేతులతో నేనే తుడిచేశాను.